రామక్క పురుగుల ఇల్లు, రాత్రి మాత్ర

రామసముద్రం చుట్టుపక్కల పల్లెల్లో పట్టుపురుగులు పెంచే ఆడవాళ్లకు కొదవ లేదు. కానీ పురుగుల ఇంటిని రామక్కలాగా కాపలా కాసిన మనిషి ఇంకొకరు లేరు. గడప ముందు బ్లీచింగ్ పొడి చల్లిన గోనెపట్ట, పక్కన నీళ్ల బకెట్టు. కాళ్లూ చేతులూ కడుక్కున్నా సరే, రామక్క తప్ప మరొకరు ఆ గడప దాటడానికి లేదు. పొగాకు గాలి తగిలితే పురుగులు చస్తాయి కాబట్టి, బీడీలు తాగే మొగుడు బాలప్పను ఎప్పుడో వెలివేసింది. కొడుకు సురేంద్ర మదనపల్లెలో ఉద్యోగం చేసుకుంటూ ఆదివారాలు వచ్చిపోతాడు. ఇక మిగిలింది కోడలు రేవతి. కుప్పం పక్క పల్లెలో, పుట్టింటి పురుగుల మధ్యే పెరిగిన పిల్ల. అయినా ఏం లాభం? కుప్పం పద్ధతులు కుప్పంలోనే పెట్టుకోమని, ఆకు మోయడం వరకే ఆ పిల్లను రానిచ్చింది అత్త.

ఆవిడ మొండితనానికి కారణం లేకపోలేదు. అంతకుముందు వరసగా రెండు పంటలు సున్నకట్టు తెగులుతో పోయాయి. సుద్దముక్కల్లా బిగుసుకుపోయిన పురుగులను తట్టలకు తట్టలు ఎత్తి గుంటలో పూడ్చింది తనే. రెండువేల మూడులో పెట్టిన ఈ పంట కూడా పోతే మల్బరీ తోట పీకేసి టమాటా పెడతానని బాలప్ప తేల్చి చెప్పేశాడు. ఆ మాట విన్న దగ్గరనుంచీ రామక్కకు గుండెదడ పట్టుకుంది, కంటికి కునుకు లేదు. చాలదన్నట్టు ఒళ్లంతా దద్దుర్లు, దురద. గోకీ గోకీ మోచేతులు పుండ్లయ్యాయి.

చివరికి రేవతే బలవంతంగా బస్సెక్కించి పుంగనూరు తీసుకుపోయింది. అక్కడి డాక్టరమ్మ కమలాక్షి నిదానంగా చూసింది. గుండెజబ్బు ఉందా, వేరే మాత్రలేమైనా వాడుతున్నారా అని అడిగి, హైడ్రాక్సిజైన్ అనే మాత్ర రాసింది. దురదకూ ఆ దడకూ రెండింటికీ ఇదే పనిచేస్తుంది, అయితే నిద్ర ముంచుకొస్తుంది, రాత్రి పడుకునేముందు ఒక్కటే వేసుకోవాలని చెప్పింది. పొద్దున్నే మత్తు పూర్తిగా వదిలేదాకా కొడవలి, కత్తి పట్టుకోకూడదు. దగ్గు మందుతో గానీ ఇంకో నిద్రమాత్రతో గానీ కలపకూడదు. దురద తగ్గలేదని రెండోది మింగకూడదు, మళ్లీ వచ్చి చూపించుకోవాలి. అన్నింటికీ రామక్క గంగిరెద్దులా తల ఊపింది.

ఊపిన తల ఊరు చేరేసరికే వేరే లెక్క వేసింది. పెద్ద పురుగులు రాత్రి కూడా మేస్తాయి. తను మాత్ర మింగి పడుకుంటే ఆకు వేసేదెవరు? కాబట్టి రాత్రి మాత్రను పొద్దున వేసుకుంటే సరి! పురుగులు పెంచే మనిషికి తప్ప ఇలాంటి తెలివి ఇంకెవరికీ పుట్టదు. పొద్దున ఒకటి వేసుకుంది. దురద పూర్తిగా పోలేదని మధ్యాహ్నం ఇంకొకటి వేసుకుని ఆకు కోయడానికి తోటలోకి పోయింది.

ఆకు గంప ఎత్తుకోవడానికి వెనకాలే వచ్చిన రేవతి చూసేసరికి, అత్త నిలబడే తూగుతోంది. కళ్లు మూతలు పడుతుండగానే కొడవలి విసిరింది. అది కొమ్మ తప్పి, కాలి బొటనవేలి పక్కన మట్టిలో దిగబడింది. ఇంకొక్క అంగుళం ఇటు వచ్చి ఉంటే! రేవతి పరుగెత్తి కొడవలి లాక్కుంది. విషయమంతా రాబట్టి, పెళ్లయ్యాక మొదటిసారి అత్తకు ఎదురు చెప్పింది.

"రాత్రి మాత్ర పగలేసుకుని కొడవలి పడితే పురుగులు అట్లుండనీ, నువ్వే మాకు దక్కవత్తా. రాత్రి మేత నేనేస్తా. నన్ను లోపలికి రానీ."

రామక్కకు కోపం వచ్చింది. కాలి వైపు చూసుకున్నాక భయం వేసింది. ఆ రెండిటి మధ్యా నలిగి నలిగి సరేనంది. చీకటి పడ్డాక మాత్ర వేసుకుని, తడి ఆకు వేయొద్దు, తట్టను కుదపొద్దు అంటూ బోధ మొదలుపెట్టి, నాలుగో మాట పూర్తికాకుండానే గురక తీసింది. అప్పటినుంచి రాత్రి మేత కోడలిది. దద్దుర్లు అణిగాయి, దడ నెమ్మదించింది. రోజూ లేస్తూనే తట్టలు తడిమి చూసి, తప్పు పట్టడానికి ఏమీ దొరకక రామక్క కాస్త నిరాశ పడేది కూడా.

ఒకనాడు తెల్లవారగానే రేవతి వచ్చి తట్టి లేపింది.

"అత్తా, పురుగులు పండినాయి. లెయ్."

పండటమంటే, పురుగు మేత మాని బంగారు రంగుకు తిరగడం. పొద్దెక్కేలోగా ఏరి, గూళ్లు అల్లుకునే వెదురు చంద్రికల మీద వేయాలి, లేకపోతే పట్టుగూడు చెడుతుంది. రామక్క ఒక్క ఉదుటున లేచింది గానీ కాళ్లు తేలిపోయాయి, మత్తు ఇంకా వదల్లేదు. రేవతి ఆవిడను గడప దగ్గర కూర్చోబెట్టి, పక్కింటి చెంగమ్మనూ విజయమ్మనూ కేకేసింది. కాళ్లు కడుక్కుని ఒకరి వెనక ఒకరు లోపలికి పోతుంటే రామక్క కాళ్లు ముడుచుకుని దారిచ్చింది. తట్టల్లో బంగారం మెరుస్తోంది! చేతులు చకచకా ఆడుతున్నాయి. ఒక చంద్రిక నిండగానే ఇంకోటి. రామక్కకు పట్టరాని సంతోషం వచ్చింది. కూర్చున్నచోటినుంచే అందరినీ తొందరపెట్టింది, తిట్టింది, మధ్యలో నవ్వింది. వాళ్లు వింటున్నారో లేదో ఆవిడకు పట్టనే లేదు.

గూళ్లు గట్టిగా, తెల్లగా దిగాయి. మదనపల్లె మార్కెట్‌లో వ్యాపారులు వాటిని పిడికిళ్లతో ఎత్తి చూసి, చుట్టూ మూగిపోయారు. బాలప్ప ఇంటికొచ్చాక టమాటా ఊసెత్తలేదు.

పండగలాంటి ఆ సాయంత్రమే రేవతి చేతులు గోక్కోవడం మొదలుపెట్టింది. గూళ్లు ఒలిచేటప్పుడు పైనున్న నూగు తగిలి దద్దుర్లు లేచాయి. అత్త మాత్ర ఒకటి వేసుకుందామని చెయ్యి చాచింది. రామక్క చటుక్కున మాత్రల పట్టీ లాగేసి కొంగులో ముడేసుకుంది. కొడవలి దెబ్బ తప్పిన మనిషి కదా, ఈసారి ఎవరి మాటా వినదలుచుకోలేదు.

"నన్ను సూసి రాసిన మాత్ర నీకెట్ల సరిపోతాదిమ్మే? పద, డాక్టరమ్మకు సూపిద్దాం."

దురదకే బస్సు ఖర్చా అని బాలప్ప గొణిగినా, మర్నాడు కోడలిని వెంటబెట్టుకుని పుంగనూరు పోయింది. డాక్టరమ్మ దద్దుర్లు చూసింది. మందు రాయబోతూ ఆగి, నెల తప్పిందా అని అడిగింది. రేవతి వేళ్ల మీద లెక్కపెట్టుకుని, తలొంచుకుంది. పనుల హడావుడిలో ఆ సంగతే గుర్తులేదు. పరీక్ష చేయిస్తే మూడో నెల!

రామక్క కుర్చీలోంచి లేచి మళ్లీ కూలబడింది. డాక్టరమ్మ మాత్రం నవ్వలేదు. కడుపుతో ఉన్నవాళ్లు, అందులోనూ తొలి నెలల్లో, ఆ మాత్ర వాడకూడదట. ఇంట్లో ఉందని తెలుసు కాబట్టి రేవతి కళ్లలోకి చూస్తూ అడిగింది.

"నిజం చెప్పమ్మా. మీ అత్త మాత్ర ఒక్కటైనా వేసుకున్నావా?"

"లేదమ్మా," అంది రేవతి. "మా అత్త ఇయ్యలేదు."