అడిగితేనే రెండోసారి

ఒకే పద్యానికి రెండుసార్లు టిక్కు పెట్టాడు మా నాన్న. పొరపాటున పెట్టాడనుకుని ఒకటి తీసేశాను. నేను మంచినీళ్ళు తాగి వచ్చేలోగా మళ్ళీ పెట్టాడు.

నేను బ్రాడీపేటలో ఒక కోచింగ్ సెంటర్‌కి పాఠాల వీడియోలు సరిచూసే ఉద్యోగం చేస్తున్నాను. ముక్కలుగా తీసిన వీడియోల్లో కావలసిన వాటికి టిక్కు పెట్టి మీట నొక్కితే, అవి ఒకదాని వెనక ఒకటి వరసగా ఆడతాయి. పగలంతా నేను చేసేది అదే. ఇంటికొచ్చి కూడా అదే చేయాల్సి వస్తే ఎవరికైనా ఎట్లా ఉంటుంది?

నాన్న మిరప రైతు. పొలం పనులు లేని రోజుల్లో పౌరాణిక నాటకాల్లో రాజు వేషాలు కట్టేవాడు. గొంతు ఆపరేషన్ అయ్యాక ఆయనకి మాట మిగిలింది గాని పద్యం పోయింది. పెదకాకాని అవతల ఒక ఊరివాళ్ళు సన్మానం చేస్తామన్నారు. ఆయన పాడలేడు కాబట్టి పాత పద్యాలు తెర మీద వేద్దామన్నారు. ఎవరెవరో ఫోన్లలో తీసినవన్నీ పోగుచేసి నా నెత్తిన పడేశారు.

“ఒకే పద్యం రెండుసార్లు ఎందుకు నాన్నా? జనం విసుక్కుంటారు.”

“ఒకటే ఎట్టా అవుద్దే? రెండోది వన్స్‌మోర్.”

నిజమే. పద్యం నచ్చితే జనం వన్స్‌మోర్ అని కేకలేస్తారు, నటుడు కథ ఆపి మళ్ళీ పాడతాడు. యుద్ధంలో చచ్చి పక్కన పడున్నవాడు కూడా అది అయ్యేదాకా ఓపిగ్గా పడుంటాడు. సరేనని రెండూ ఉంచి, వరసగా వేసి చూపించాను. మొదటిది అయిన మరుక్షణం రెండోది మొదలైంది. నాన్న మొహం మాడ్చుకున్నాడు.

“వాళ్ళు అడగందే మొదలెట్టిందేందే?”

“కంప్యూటర్‌ని ఎవరడుగుతారు నాన్నా! టిక్కు పెట్టాక అదే ఆడుద్ది.”

“కుదరదు. అడిగితేనే వెయ్యి.”

“అడక్కపోతే?”

“అడక్కపోతే వెయ్యమాక.”

పోనీ పాత వీడియోలో జనం వేసిన కేకలున్నాయి, మధ్యలో అవి వినిపిస్తానన్నాను. “అవి ఆనాటోళ్ళ కేకలు. వీళ్ళవి ఎట్టా అవుతయ్?” అన్నాడు. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళు. ఆయనకి కావలసింది వీడియో కాదు, ఇప్పటి జనం తనని ఇంకోసారి అడుగుతారో లేదో తేలడం. ఆ సంగతి అర్థమయ్యాక నాకు ఇంకా ఒళ్ళు మండింది. తెరని పట్టుకుని వన్స్‌మోర్ అని ఎవరంటారు?

సన్మానం సాయంత్రం పెట్టారు. ఆ ఊరి పెద్ద శాలువా కప్పి, నాన్నని జనానికి ఎదురుగా కుర్చీలో కూర్చోబెట్టాడు. నేను వేదిక పక్కన ల్యాప్‌టాప్ ముందు, ఆపే మీట మీద వేలు పెట్టుకుని కూర్చున్నాను. పద్యం మొదలైంది. చివర రాగం తీసేటప్పుడు అన్నిరోజులు తిట్టుకున్న నాకే ఒళ్ళు జలదరించింది. రాగం అయిపోగానే ఆపేశాను.

చప్పట్లు బాగానే కొట్టారు. కొందరు ఫోన్లు దించి జేబుల్లో పెట్టుకున్నారు. వెనక వరసవాళ్ళు టిఫిన్ పెట్టే వైపు లేచారు. నాన్న తెర వంక చూడటం లేదు, జనం వంకే చూస్తున్నాడు. శాలువా జారిపోతున్నా సర్దుకోవడం లేదు. ఒక్కరైనా నోరు విప్పితేనా! నాకు ఏడుపు, కోపం రెండూ ఒక్కసారే ముంచుకొచ్చాయి.

“వన్స్‌మోర్!” అని గట్టిగా అరిచాను.

జనం నా వైపు తిరిగి నవ్వారు. నాన్న కూడా తిరిగాడు. ఆ బొంగురు గొంతు మైకు లేకుండానే నా దాకా వచ్చింది.

“నువ్వు కాదే. వాళ్ళడగాలి.”

పద్యానికి ఉన్న రెండో టిక్కు తీసేశాను. ఈసారి ఆయన మళ్ళీ పెట్టమనలేదు.