దూరేముందు ఒక కేక

నందిగామ దాటాక హైవే పక్క రేకుల షెడ్డులో భవానీప్రసాద్ పాత లారీ క్యాబిన్లకు అడుగున పట్టిన తుప్పు వదిలిస్తాడు. అరవైకి దగ్గరపడ్డ మనిషి. కనుబొమల్లో ఎప్పుడూ ఎర్రటి తుప్పుపొడి. బండి నుంచి ఊడదీసిన క్యాబిన్‌ను గొలుసుతో ఎత్తి, నాలుగు మూలలా తుమ్మమొద్దులు పెట్టి వాటిమీదికి దించుతాడు. గొలుసు మాత్రం విప్పడు. భుజంతో నెట్టి చూసి, గోనెపట్టా పరుచుకుని, "దూరుతున్నా" అని కేకేస్తాడు. మొద్దులన్నీ తట్టి చూసి "ఊఁ, దూరు" అనడం తోటిమేస్త్రి కుటుంబరావు వంతు. ఇరవై రెండేళ్లు అదే పద్ధతి. కుటుంబరావు పోయి రెండేళ్లయింది. ప్రసాద్ ఇప్పటికీ కేకేస్తాడు, నాలుగు మొద్దులు తట్టేంతసేపు ఆగుతాడు, ఆ తర్వాతే కిందికి జారతాడు.

మొన్న పెనుగంచిప్రోలు నుంచి లారీ ఓనరు హరిచరణ్ పని చూసుకోవడానికి వచ్చాడు. కేక విని, ఫోనులోంచి తలెత్తకుండానే "కానీండి" అన్నాడు. పట్టామీద వాలబోతున్న ప్రసాద్ లేచి నిలబడ్డాడు. "మొద్దులు తట్టి చూశారాండీ?" "లేదండి, ఏదో మాటవరసకి అన్నా." "చూడకుండా అనకూడదండీ ఆ మాట." హరిచరణ్ ఫోను జేబులో పెట్టి ఒక్కొక్కటే తట్టాడు. "ఈ వెనకది కొంచెం ఆడుతోందండి." ప్రసాద్ కనిపెట్టనిదది. గొలుసు లాగి, మొద్దు సరిచేసి, మళ్లీ దించాడు. హరిచరణ్ ఇంకోసారి తట్టి, "ఊఁ, ఇప్పుడు దూరండి" అన్నాడు. కింద తుప్పు గీకుతూ ప్రసాద్ అయిదేసి నిమిషాలకోసారి "ఉన్నారాండీ?" అని అడిగాడు. "ఉన్నానండి" అంటూనే ఉన్నాడు హరిచరణ్. గంటలో అయ్యే పని. పొద్దు వాలుతున్నా, ఇనుము ఎప్పుడో తెల్లగా తేలిన చోటే ప్రసాద్ ఇంకా గీకుతూ ఉన్నాడు.