వాకిలి కలబంద నాయన నోట్లో పడ్డాక

మా నాయన చిత్తూరు బెల్లం మండీలో వేలం వేసేవాడు. రైతు దించిన బెల్లం ముందు నిలబడి, దాన్ని ఆకాశానికెత్తి, వ్యాపారుల చేత ధర పెంచించడం ఆయన పని. ఆ నోరే మాకు కూడు పెట్టేది. నేను కాలేజీలో చదివే రోజుల్లో, సరిగ్గా గానుగలు జోరుగా ఆడుతున్నప్పుడు, ఆ నోరు పూసింది. నాలుక మీదా చెంపల లోపలా తెల్లటి పుండ్లు. కారంగా నూరిన ఊరిబిండి లేనిదే సంగటి ముద్ద మింగని మనిషి మజ్జిగ తాగి కన్నీళ్ళు పెట్టుకున్నాడు. మాత్రలు మింగాడు, తేనె రాశాడు. ఏం లాభం లేదు.

నోటిపూతకైనా, కాలిన బొబ్బకైనా, నా మొటిమలకైనా అమ్మ దగ్గర ఒకటే మందు, కలబంద. మేముండేది మిద్దె మీద అద్దె ఇల్లు, పిడికెడు మట్టి లేదు. ఉన్న ఒక్క కలబందా వాకిలి పైన వేలాడుతోంది. ఇంటికి దిష్టి తగలకుండా అవ్వ దాన్ని వేర్లు పైకి, ఆకులు కిందికి వచ్చేలా కట్టి, పసుపూ కుంకుమా పూసింది. నీళ్ళూ మట్టీ లేకుండానే అది మా అందరికంటే ఆరోగ్యంగా ఉండేది. అవ్వ పాకాలలో పెళ్ళికి వెళ్ళిన పూట అమ్మ స్టూలెక్కి లావాటి ఆకొకటి కోసింది. పసుపుపచ్చ సొన కారిపోయేదాకా నిలబెట్టి, తొక్క తీసి, గుజ్జును బాగా కడిగి నాయన నోట్లో పూసింది. మిగిలింది నా ముఖానికి పట్టించింది. రెండు మూడు రోజులకల్లా నాయనకు సంగటి గొంతు దిగింది.

అవ్వ తిరిగొచ్చి, చెప్పులు విడవకముందే వాకిలి పైకి చూసింది.

"దీని ఆకు యాడపోయిందే?"

"ఆయన నోరు పూసింటే మందేసినా అత్తా. తగ్గిపోయింది," అంది అమ్మ.

అవ్వ మెట్ల మీదే కూలబడింది. "ఈదిలోవాళ్ళ దిష్టంతా పీల్చుకోనుండాదే అది! దాన్ని నా బిడ్డ నోట్లో పెట్టినావా? ఇంక వాడు దేన్ని బాగుండాదంటే అది నాశనమే!"

నా ముఖానికి కూడా పూశారని తెలిసి ఇంకోసారి కొత్తగా ఏడ్చింది. ఆ తర్వాత నా సంగతి ఎవరూ పట్టించుకోలేదు. నాకు ఒళ్ళు మండింది.

నాయన నవ్వేసి మండీకి వెళ్ళాడు. కానీ అవ్వ కుళాయి దగ్గర ఒకరి చెవిన వేసింది, అది చిత్తూరంతా చాటింపు వేసినంత పనైంది. మరుసటి రోజు నాయన "బంగారమప్పా, బంగారం!" అని మొదలుపెట్టగానే హమాలీ కాలు జారి నెత్తిన బెల్లం తట్ట కాస్తా బోర్లాపడింది. ఇంకేముంది, రైతులు బండ్లు పక్క మండీకి తిప్పుకున్నారు. మండీ యజమాని నాయనను పిలిచి, ఇలాగైతే వేరే మనిషిని చూసుకుంటానన్నాడు. అవ్వ ఉప్పూ ఎండుమిరపకాయలూ తిప్పి పొయ్యిలో వేసింది. ఘాటు రాకపోతే దిష్టి ఉన్నట్టు. మేమంతా దగ్గి చస్తుంటే అవ్వ మాత్రం, "ఘాటే రాలేదు సూడు," అంది.

చివరకు పూతలపట్టు రైతొకడు దారి చూపాడు. "అన్నా, నా బెల్లాన్ని పొగడొద్దు. తిట్టు," అన్నాడు.

నాయన తిట్టాడు. "ఇది బెల్లమా, బంకమన్నా? కుక్క గూడా ముట్టదు!" వ్యాపారులు విరగబడి నవ్వి, పోటీపడి వేలం పాడారు. ధర లేచింది. అంతే, పోయిన బండ్లన్నీ వెనక్కొచ్చాయి. "వాని బెల్లాన్ని పేడంటివే, నాదాన్ని ఉత్త బూడిదంటే ఎట్లప్పా?" అని రైతులు తగువులు పెట్టుకున్నారు. తిట్టు ఎంత ఘోరమైతే అంత మర్యాద. కొత్త తిట్ల కోసం నాయన అవ్వనే ఆశ్రయించాడు. అవ్వ దగ్గర వాటికి కరువు లేదు.

సెలవైన ఒక రోజు నేను క్యారియర్ తీసుకుని మండీకి వెళ్ళాను. ఆఖరున ఒక ముసలి రైతు మిగిలాడు. చవిటి నీళ్ళకు ఆయన చెరుకు పాడైపోయింది. బెల్లం నల్లగా చెమర్చి, మాడు వాసన కొడుతోంది. నాయన నోరు తెరిచాడు గానీ తిట్టు రాలేదు. అంతవరకూ ఆయన తిట్టిందంతా మంచి బెల్లాన్ని. దీన్ని ఏమన్నా నిజమే అవుతుంది. మెల్లగా, "బాగుండాది పెద్దాయనా," అన్నాడు.

ముసలాయన ముఖం పాలిపోయింది.

"అందరి బెల్లాన్నీ తిట్టి, నాది బాగుండాదంటావా? నీకు నేనేం ద్రోహం చేసినానప్పా?"

ఆయన కళ్ళలో నీళ్ళు చూసి నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. నాయన కండువాతో ముఖం తుడుచుకుని గొంతెత్తాడు. "నల్లగా ఉండాది! మాడిపోయుండాది! ఉప్పు కొడతాండాది! పశువులకు పెట్టను గూడా పనికిరాదు!"

ఈసారి వ్యాపారులు నవ్వలేదు. ఎవరో కారుచౌకగా తీసుకున్నారు. ముసలాయన మాత్రం తేరుకుని, నాయనకు రెండు చేతులూ ఎత్తి దండం పెట్టి వెళ్ళిపోయాడు.

నాయన క్యారియర్ విప్పలేదు.

"ఇన్ని రోజుల్లో ఇప్పుడొక్క నిజం చెప్పినా పాపా," అన్నాడు. "దానికి ఆయప్ప దండం పెట్టి పోయినాడు."