పైనున్న రెండు పేర్లు

2006 జూలై 8, శనివారం, పగలు పదకొండున్నర. నిజామాబాద్ బస్టాండు దగ్గరున్న నా ఇంటర్నెట్ సెంటర్‌లో రూతు తెర వైపే చూస్తూ కూర్చుంది. టైపు చేయడం లేదు.

రూతుది ఎడపల్లి, బోధన్‌లో డిగ్రీ. వారానికి ఒక్కసారే వచ్చి ఇంగ్లీషులో ఫ్యాన్ ఫిక్షన్ రాసేది. అంటే నచ్చిన సీరియల్ పాత్రలతో అభిమానులు అల్లుకునే కథలు. ఇంట్లో ఈ సంగతి ఎవరికీ పట్టదు. ఉన్న ఒక్క స్నేహితురాలు నెట్‌లో పరిచయమైన, ఫిలిప్పీన్స్‌లోని మనీలా పిల్ల. ఒకరి మొహం ఒకరు చూడలేదు. ఇద్దరూ కలిసి ఒక పెద్ద కథ రాస్తున్నారు. మా ఆయన పోయాక సెంటర్‌లో నేనొక్కదాన్నే. రూతు వచ్చిన రోజు రెండు టీలు తెప్పించేదాన్ని.

"ఏమైంది బిడ్డా?"

"పోయిన శనివారం దాని పుట్టినరోజుకు కథ పెట్టిన గద అవ్వా. తెరిచి సుత సూడలే. 'నువ్వూ అంతేనా' అని రాసి బ్లాక్ చేసింది."

బ్లాక్ చేస్తే మన ఉత్తరాలు ఇక అటు చేరవు. కారణం, వాళ్లు కథలు పెట్టే నెట్ గుంపులోని ఇంకొకరు రాసి పెట్టారు. రూతు మొదట ఇంగ్లీషు సీరియళ్ల గుంపుల్లో రాసేది. అక్కడ ఇద్దరు మగవాళ్ల ప్రేమకథను స్లాష్ అంటారు. పేర్ల మధ్య వాలుగీత పెడతారు, ఏ పేరు ముందున్నా ఎవరూ పట్టించుకోరు. తర్వాత మనీలా పిల్ల ఉండే అనిమే గుంపులో, అంటే జపాను బొమ్మల సీరియళ్ల గుంపులో చేరింది. అక్కడ ఆ కథనే యావోయ్ అంటారు. పేర్ల మధ్య ఇంటూ గుర్తు. చొరవ చేసేవాడు సెమె, అతని పేరే ముందు, రెండోవాడు ఉకె. వరుస మారితే జంటే మారినట్టు. తిరగేసిన వరుసంటే మనీలా పిల్లకు ఒళ్లుమంట. కలిసి రాసే కథకు పైన జంట పేర్లు ఎప్పుడూ ఆమే పెట్టేది. ఈ పుట్టినరోజు కథకు రూతే తన పాత అలవాటు కొద్దీ అక్షరక్రమంలో పెట్టింది, వరుస తిరగబడింది.

"మరి కథల ముందుగాల చెయ్యి పట్టుకున్నదెవరు?"

"దానికి నచ్చినోడే. అంత దానికి నచ్చినట్టే రాసిన. పైన పేర్లే ఉల్టా పడ్డయ్."

"ఎవరు ముందైతేంది? ఇద్దరూ పిలగాండ్లేనాయె!"

ఆ రోజు ఒక్కసారి నవ్వింది. "గా మాట గాడ అనకు అవ్వా, నిన్ను సుత బ్లాక్ చేస్తరు."

గడిచిన వారమంతా ఆ గుంపులో రగడ జరిగింది. రూతుకు ఇంట్లో నెట్ లేదు. జవాబు రాకపోతే పొగరనుకున్నారు. ఆ రోజే పేర్లు సరిచేసి, అందరికీ కనబడేలా క్షమాపణ రాసి వెళ్లింది. మరుసటి శనివారానికి కలిసి రాసిన కథనే మనీలా పిల్ల అక్కడినుంచి తీసేసింది. ఆగస్టు ఆఖరు దాకా వచ్చి, జవాబు కోసం చూసి, చల్లారిన టీ తాగి పోయేది. తర్వాత రాలేదు.

అప్పటినుంచి కొత్త గుంపులో చేరే పిల్లలకు ఒకటే చెప్పేదాన్ని: ముందు కొన్నాళ్లు ఊరికే చదవండి, తర్వాత రాయండి.

పోయినవి ఇవి. రూతుకు ఒక స్నేహితురాలు. ఇద్దరికీ కలిపి, సగంలో ఉన్న ఒక కథ. ఎవరి కోసం రాసిందో ఆమే చదవని కథ మరొకటి. నాకు, శనివారం రెండో టీ.