మూట ముడికి గుర్తుల పీలిక

నా చిన్నప్పుడు మా ఇంట్లో వీధికో మూట ఉండేది...

మా అమ్మ ఊరి బట్టలు ఉతికేది. ఆరినవన్నీ మడతపెట్టి, ఏ వీధివి ఆ వీధి మూటగా కట్టేది. ఏ బట్ట ఎవరిదో తెలియడానికి అంచున నల్లజీడి గింజ రసంతో గుర్తు... ఒక ఇంటికి మూడు చుక్కలు, ఇంకో ఇంటికి చుక్క పక్కన గీత.

అమ్మకు అక్షరం రాదు. అయినా ప్రతి మూట ముడికీ ఒక పాత గుడ్డపీలిక కట్టేది. లోపల బట్టలు ఏ వరసలో ఉన్నాయో, దాని మీద ఆ ఇళ్ళ గుర్తులు అదే వరసలో ఉండేవి. గుమ్మం ముందు నిలబడి, పీలిక మీద వేలు ఆనించి చూసి, మూటలో సరిగ్గా ఆ చోటే చెయ్యి పెట్టి తీసేది. దారిలో మూటంతా విప్పగా నేనెప్పుడూ చూడలేదు.

ఒకసారి సాయం చేద్దామని, అమ్మ భుజాన విడిగా వేసుకెళ్ళే ఇస్త్రీ బట్టల్ని కూడా మూటలో కుక్కి, మోకాలితో అదిమి ముడేశాను. మూట ఎంత చిన్నదైందో అని మురిసిపోయాను...

“ఓసి పిచ్చిమొద్దూ! గట్టిగా కడితే మూట చిన్నదవుద్ది గానీ, పని చిన్నదవుద్దా? మళ్ళీ ఇస్త్రీ ఎవరు చేస్తారు, మీ తాతా?” అంది అమ్మ.

ఆ మాట మొన్న అమెరికాలోని బాతెల్‌లో మళ్ళీ వినిపించింది.

మా ఇంట్లో బడికెళ్ళిన మొదటిదాన్ని నేను. ఇప్పుడు ఇక్కడ మాస్టర్స్ చదువుతున్నాను. కాలేజీలో ఆటల ప్రదర్శన కోసం, ఒక కంప్యూటర్ ఆటలో, అమ్మ బట్టలు ఉతికే మా రేవును కట్టాను. ఉన్న ఆటకు మనం చేర్చే ఇలాంటి భాగాన్ని మాడ్ అంటారు. బండలు, బట్టలు ఉడకబెట్టే బాన, దండేల మీద చీరలు, ఉతికే చప్పుడు... అన్నీ కలిపి వేల చిన్న ఫైళ్ళు.

ప్రదర్శనలో తమ ఆట చూపించడానికి ఒక్కొక్కరికి ఐదు నిమిషాలే. నా రేవు తెరుచుకోవడానికే అంత పట్టేది! వచ్చినవాళ్ళు దాన్ని చూడకుండానే పక్క టేబుల్‌కి వెళ్ళిపోతారేమోనని దిగులు...

“ఏందే ఇది! చాయ్ పెట్టుకొని తాగిన, గిన్నె గూడ కడిగిన, ఇంకా తిరుగుతనే ఉంది!” అంది నా రూమ్మేట్ శ్రావణి.

కారణం తెలిసింది. ఆట ఒక్కో ఫైలునూ విడిగా వెతికి తెరుస్తోంది... ఒక్కో చీర కోసం ఇంటికీ రేవుకీ తిరిగినట్టు. అన్నిటినీ ఆర్కైవ్ అనే ఒకే పెద్ద ఫైలులో కట్టేస్తే ఒక్కసారి తెరిస్తే చాలు. లోపల ఏది ఎక్కడుందో చెప్పే పట్టిక మొదట్లోనే ఉంటుంది.

ఆ సంబరంలో అన్నిటినీ వీలైనంత గట్టిగా కుదించేశాను. సైజు సగమైంది. రేవు త్వరగానే తెరుచుకుంది గానీ, ఉతికే చప్పుడు తెగి తెగి వినిపించింది.

“మీ రేవుకు ఎక్కిళ్ళొస్తున్నయే!” శ్రావణి పడీ పడీ నవ్వింది.

కుదించినదాన్ని వాడే ముందు మళ్ళీ విప్పాలి కదా... మోకాలితో అదిమిన మూట గుర్తొచ్చింది. చప్పుళ్ళను కుదించకుండా, విడిగా ఇంకో ఆర్కైవ్‌లో పెట్టాను.

ఈసారి శ్రావణి స్టవ్ వెలిగించేలోపే రేవు తెరుచుకుంది.

ఆ పట్టిక... అమ్మ ముడికి కట్టిన పీలికే కదా! నేను సముద్రాలు దాటొచ్చి నేర్చుకున్నది, అక్షరం రాని మా అమ్మ రోజూ నెత్తిన పెట్టుకుని నడిచింది.

ప్రదర్శనలో ఒక తెలుగు పాప తెర మీద చీర అంచును వేలితో చూపించి, “ఆంటీ, శారీకి డాట్స్ ఎందుకు ఉంది?” అని అడిగింది. ఆంటీ అన్నందుకు శ్రావణి నన్ను మోచేత్తో పొడిచింది. నేను మాత్రం నా ఐదు నిమిషాలూ ఆ చుక్కల గురించే చెప్పాను.

ఫోన్‌లో అమ్మకు చెబితే, “కంప్యూటర్‌కి కూడా మూట కట్టడం రాదంటావా?” అంది.

ఇప్పుడు మా ఊళ్ళో ఇంటింటా వాషింగ్ మెషీనే. నల్లజీడి గింజ అడిగేవాళ్ళే లేరు...

మీ ఇంటి బట్టల మీద ఏ గుర్తు ఉండేదో మీకు గుర్తుందా? మా అమ్మకైతే ఊళ్ళో ప్రతి ఇంటిదీ ఇంకా గుర్తుంది.