మేనేజరు పరుపు

సోఫాల మేస్త్రికి దుకాణం వేరే లేదు, ఇంటి ముందుగదే. పాత సోఫాలు కుంటుకుంటూ అక్కడికి వచ్చి, పొట్ట విప్పించుకుని, కొత్త స్ప్రింగులు పెట్టించుకుని, నడుం నిలబడ్డాక వెళ్లిపోయేవి. విప్పిన గుడ్డల్లోంచి ఎవరెవరి ఇళ్ల ధూళో లేచి, కిటికీ వెలుగులో కాసేపు తిరిగి, నేల మీద వాలేది. ఆ వెలుగులోనే, కుట్టుమిషను పక్కన, బూడిదరంగు పిల్లి కూర్చునేది. పని చేయదు, పని చేసేవాడి మీంచి చూపు తీయదు. అందుకని మేస్త్రి అక్క దానికి మేనేజరని పేరు పెట్టింది.

ఇంటి వెనకభాగం అక్క రాజ్యం. అక్కడ గిన్నె దగ్గర్నుంచి గడప దాకా కడగని వస్తువు ఉండదు. భార్య పోయాక మేస్త్రి నోట్లో మాటలు తగ్గిపోయాయి. మిగిలిన కాసినీ పిల్లితోనే. పొద్దున సుత్తి చేతిలోకి తీసుకుంటూ, "ఏం మేనేజరూ, మొదలుపెట్టమంటావా?" అంటేనే ఆయన రోజు మొదలయ్యేది.

ఆ వానాకాలం మేనేజరు గాడి తప్పింది. ఇసుక తొట్టి వదిలేసి తన పరుపు మీదే పోయడం మొదలుపెట్టింది. అది అల్లాటప్పా పరుపు కాదు. సోఫాల నుంచి విప్పిన గుడ్డల్లో చిరగని ముక్క ఏరి, అంచుకు తాడు చుట్టి, వానల చలికని మేస్త్రి కొత్తగా తన చేత్తో కుట్టినది. అది పాడైతే పారేసి, ఇంకో సోఫా మఖమలుతో మరోటి కుట్టాడు. దాన్నీ తడిపింది. పూల గుడ్డతో మరీ మెత్తగా కుట్టాడు. దానికీ అదే గతి. చివరికి బాగుచేసి ఇవ్వాల్సిన సోఫా మూల కూడా తడిసింది.

"నువ్వు కుట్టేకొద్దీ అది పోస్తోందిరా. నీ పనితనం నచ్చలేదేమో!" అంది అక్క, నేల మీద ఘాటు మందు గుమ్మరిస్తూ.

"నా మీద కక్ష కట్టిందక్కా."

"నువ్వేం దాని ఆస్తి కాజేశావా కక్ష కట్టడానికి? కలప డిపో ఆయనతో మాట్లాడాను. అక్కడ ఎలకలు ఎక్కువట. వచ్చే ఆదివారం మీ మేనేజరుకి బదిలీ."

సుత్తి మేకును వదిలి వేలి మీద పడింది. మేస్త్రి వేలు నోట్లో పెట్టుకున్నాడు.

మర్నాడు పిల్లిని బుట్టలో పెట్టుకుని పశువుల డాక్టరు దగ్గరికి వెళ్లాడు. ఆవిడ పొట్ట తడిమింది, మూత్రం పరీక్ష చేయించింది. జబ్బేమీ లేదంది.

"అయితే పగే కదా డాక్టరమ్మా?"

"పగ పట్టే ఓపిక పిల్లికెక్కడిది మేస్త్రి గారూ. బెదిరింది, అంతే. పడుకునేది దేని మీద?"

మేస్త్రి ఒకింత గర్వంగానే సంచిలోంచి పూల పరుపు తీసి, అంతకుముందు పారేసిన పరుపుల సంగతీ, అక్క నేల మీద గుమ్మరించే మందు సంగతీ చెప్పాడు. ఆవిడ దాన్ని అటూ ఇటూ తిప్పి, కుట్టులో ఇరుక్కున్న తెల్లటి వెంట్రుక ఒకటి లాగింది.

"మీది బూడిదరంగుది కదా. ఇదెవరిది?"

ఆ గుడ్డ ఏ సోఫాదో మేస్త్రికి గుర్తొచ్చింది. ఆ ఇంటి తెల్లపిల్లి కూడా గుర్తొచ్చింది.

"ఈ గుడ్డ ఉతికారా?"

"ఉతికితే నిగ్గు పోతుందమ్మా. మేం ఉతకం."

"మీకది గుడ్డ. దానికేమో ఎవరో వచ్చి తన మంచమెక్కినట్టు. ఈ చోటు నాదని చెప్పుకోవడానికి పోస్తోంది. మీరు ఆ పరుపు పారేసి ఇంకో ఇంటి వాసన తెచ్చి పెడుతున్నారు. ఆ ఘాటు మందు వాసన కూడా దాని ముక్కుకి మూత్రంలాగే ఉంటుంది."

విప్పిన గుడ్డలు మూతున్న డబ్బాలో వేయమంది. తొట్టిని మిషను రొదకు దూరంగా పెట్టమంది. నేలకు వేరే మందు రాసిచ్చింది. అరవొద్దంది, కుదుటపడటానికి వారాలు పట్టొచ్చంది.

"మరి పరుపు?"

"మీరు తొడిగి విడిచిన చొక్కా ఒకటి వేయండి. ఉతక్కండి."

"కుట్టకుండానా?"

"కుట్టకుండానే."

దెబ్బ తగిలిన వేలికంటే ఆ మాటే ఎక్కువ సలిపింది. దారంతా బుట్ట కేసి చూడలేదు.

ఇంటికొచ్చి చెబితే అక్క నోరు తెరిచింది. "ఉతకని చొక్కానా? ఈ ఇంట్లోనా?"

"ఒక్క నెల ఆగక్కా. ఇది కూడా లేకపోతే పొద్దున్నే నేనెవరితో మాట్లాడను?"

ఆమె తమ్ముడి మొహం చూసింది. ఆదివారం డిపో ఆయన వస్తే, మేనేజరు సెలవులో ఉందని చెప్పి పంపేసింది.

మేనేజరు చొక్కాను వాసన చూసి, కాలర్ దగ్గర ముడుచుకుంది. చొక్కా పొడిగానే ఉంది. మధ్యలో ఓసారి మేస్త్రి డబ్బా మూత మరిచిపోయాడు, నేల తడిసింది. ఆయన అరవలేదు, మూత పెట్టాడు. అటు తర్వాత తడవలేదు. చొక్కా మాత్రం రోజురోజుకీ నల్లబడి, బూడిదరంగు నూగుతో ఇంకో చిన్న పిల్లిలా తయారైంది.

నెల దాటాక డిపో ఆయన మళ్లీ గుమ్మంలోకి వచ్చాడు. అక్క చేతిలో సబ్బునీళ్ల బాల్చీ, గుడ్డా ఉన్నాయి. గది తుడుచుకుంటూ చొక్కా దాకా వచ్చి ఆగింది. ముక్కు చిట్లించింది. వాన వెలిసిన ఎండ పిల్లి వీపు మీద పడి ఉంది.

"దానికి ఇక్కడే పని ఎక్కువైంది, ఇంకెవర్నైనా చూసుకోండి," అని, చొక్కాను తాకకుండా దాని చుట్టూ తుడుచుకుంటూ వెళ్లింది.