కౌముది కేకలు

మా కౌముదికి మామూలుగా మాట్లాడటం రాదు. తిట్టడం ఒక్కటే వచ్చు. పేరుకు వెన్నెల అని అర్థం ఉంది గాని, నోరు తెరిస్తే మే నెల ప్రొద్దుటూరు ఎండ. ఆ ఊరి కోర్టు పక్కన మేమిద్దరం ఒకే గదిలో, ఒకే ఫ్యాను కింద వకీళ్లుగా ఉండేవాళ్లం. నేను స్విచ్ వేస్తే ఆ ఫ్యాను కదిలేది కాదు. ఆమె వచ్చి "ఏందే నీ పొగరు" అంటే గిర్రున తిరిగేది.

పొద్దున్నే నాకు పలకరింపు కూడా తిట్టుగానే అందేది. "ఏంది మహేషన్నా ఆ మొగం? తినలేదా? ఈడ కండ్లు తిరిగి పడితే నిన్నెవురు మోయాల?" అంటూ తన డబ్బాలోని బొరుగుల ఉగ్గాని సగం నాకు మూతలో పెట్టేది. వాళ్ల నాన్న వీరభద్రయ్యగారు బడిపంతులు. ఆయన గొంతెత్తగా విన్నవాళ్లు లేరు. "ఇంటి అరుపులన్నీ మా అమ్మాయి వాటాకే పోయినాయప్పా" అనేవారు, అదీ మెల్లగా.

కక్షిదారుల గతి మరీ ఘోరం. గండికోట జలాశయం కింద ఊరు మునగబోతున్న కొండాపురం రైతు ఆదినారాయణ ఒకసారి వచ్చాడు. పునరావాస కాలనీలో ఆయనకిచ్చిన ఇంటి స్థలం ఇంకెవరి పేరునో ఎక్కింది.

"ఇన్నాళ్లు ఏం చేస్తాంటివి పెద్దాయనా?"

"ఆఫీసుకు తిరుగుతాంటినమ్మా. రేపు రా అంటాండారు."

"రేపు రా అంటే వచ్చేస్తావా? కోపం రాదా నీకు?"

"నాకేం కోపమమ్మా. పెద్దోళ్లు వాళ్లు."

"అయితే నీ కోపం కూడా నేనే పడాల. నా ఖర్మ."

పడింది. ఆ వాదనకు పక్క కోర్టులో ఉన్న సాక్షి బెదిరి, ఎవరూ అడగని నిజాలు కూడా చెప్పేశాడని మా వకీళ్లు ఇప్పటికీ చెప్పుకుంటారు. స్థలం ఆదినారాయణకు దక్కింది. ఆ మాట చెప్పి దండం పెడదామని వస్తే, ఎండలో నడిచి వచ్చినందుకు ఆయన మళ్లీ తిట్లు తిన్నాడు.

అలాంటి మనిషి, రాష్ట్రం విడిపోయిన కొత్తలో, సివిల్స్ రాసి విదేశాంగ శాఖలో చేరతానంది. నాకు నవ్వాగలేదు.

"దౌత్యమంటే మెత్తగా మాట్లాడాల కదమ్మా."

"మెత్తగా మాట్లాడేటోళ్లంతా కలిసి లోకాన్ని ఏం ఉద్ధరించినారో చెప్పు."

ఇంటర్వ్యూలో ఒక పెద్దమనిషికీ ఇదే అనుమానం వచ్చిందట. దౌత్యవేత్త పోట్లాడకూడదు కదా అన్నాడట. "పోట్లాడాలి సార్. ఎవరి తరఫున అనేదే ముఖ్యం" అని బల్ల గుద్దితే నీళ్ల గ్లాసు ఆయన ఒళ్లో పడిందట. ఉద్యోగం మాత్రం వచ్చింది.

మొదట ఒక చలి దేశంలో వేశారు. "ఈడ ఎవురూ ఎవురినీ ఏమీ అనరన్నా. ఎంతసేపూ వాన గురించే మాట్లాడతారు. తల పగిలిపోతాంది" అని ఫోన్ చేసి నన్ను తిట్టి, కాస్త తేరుకునేది. తర్వాత గల్ఫ్‌లో ఒక దేశానికి మార్చి, అక్కడి మన కూలివాళ్ల బాగోగులు చూసే పని అప్పగించారు.

నిరుడు జమ్మలమడుగు నుంచి షాహీదాబీ అనే ఆమె ఏడుస్తూ నా దగ్గరికి వచ్చింది. ఆమె కూతురు ఖమ్రున్నీసా ఆ దేశంలోనే ఒక ఇంట్లో పనికి కుదిరింది. గడువు తీరినా ఆ ఇంటివాళ్లు పంపడం లేదు. పాస్‌పోర్టు, ఫోను లాక్కున్నారు. పంపిన ఏజెంటుకు నేను ఫోన్ చేస్తే "శానా మంచోళ్లు సార్ వాళ్లు" అని పెట్టేశాడు. నాకే ఒళ్లు మండిపోయింది. కౌముదికి చేశాను.

"ఇప్పుడా చెప్పేది? ఆ యమ్మ యాడుంది?"

"నా ఎదురుగానే కూర్చోనుంది."

"నీళ్లన్నా ఇచ్చినావా లేదా? ఫోన్ ఆ యమ్మకియ్యి."

షాహీదాబీ ఫోన్ చెవిన పెట్టుకుని చాలాసేపు విన్నది. ఏడుపు ఆగింది. కొంగుతో మొహం తుడుచుకుంది.

"ఏమనిందమ్మా?" అని అడిగాను.

"తిట్టింది వకీలప్పా. ఎవుర్ని అడిగి పంపిస్తివని శానా తిట్టింది. ఇంగ నా బిడ్డ వస్తాది. ఏమీ కానోళ్లు ఇంతగా తిట్టరు."

బిడ్డ వచ్చింది. నేను జమ్మలమడుగు వెళ్లి ఖమ్రున్నీసాను చూశాను. జరిగిందంతా ఆమే చెప్పింది.

ఆ ఇంటి యజమాని అరిచే మనిషి. కౌముది అక్కడి అధికారినొకర్ని వెంటబెట్టుకుని వెళ్లి కూర్చోగానే గొంతు పెంచాడు. కాఫీ తెచ్చిన ఖమ్రున్నీసా చేతుల్లో పళ్లెం గడగడా వణికింది. కౌముది ఆ పళ్లెం వంక చూసింది.

ఇక ఆ ఇంటి పైకప్పు లేచిపోయి ఉంటుందనుకున్నాను.

"అరవలేదన్నా," అంది ఖమ్రున్నీసా. "నవ్వుతా, శానా మెల్లగా మాట్లాడె. ఆయన అరిచేకొద్దీ ఈ యమ్మ గొంతు తగ్గిస్తాండె. ఆఖరికి ఏమంటాందో వినబడాలంటే ఆయనే నోరు మూసుకోవాల్సి వచ్చె."

ఇంకొకరి పాస్‌పోర్టు దాచడం ఆ దేశంలోనూ నేరమేనని కౌముది చెప్పింది. ఇప్పుడే ఇచ్చేస్తే సరి, లేకుంటే ఇదే మాట రేపు మీ జడ్జిగారి ముందు ఇంకా మెల్లగా చెప్తానంది. ఆయన లోపలికి వెళ్లి పాస్‌పోర్టు తెచ్చాడు.

కారెక్కాక మాత్రం మన కౌముది బయటపడింది. "ఆ చేతులేంది పుల్లల మాదిరి? అన్నం తినవా? ఒక్కదానివే ఏడుస్తా కూర్చుంటే ఎవురికి తెలుస్తాది?" అంటూనే బత్తాయి వొలిచి, తొనలు ఒక్కొక్కటే ఈమె చేతిలో పెట్టిందట.

"నీకు బాధ కాలేదా?" అన్నాను.

"బాధేందన్నా. ఆ ఇంట్లోకి పోయినప్పట్నుంచి మన పక్క మాట చెవిన పడలేదు. ఆ యమ్మ తిడతాంటే మా యమ్మ తిడతాన్నట్లే ఉండె. వింటా వింటా నిద్రపోతిని."

ఎప్పుడో మెలకువ వచ్చేసరికి కౌముది శాలువా తన మీద ఉందట. కారు ఒకే వీధిలో మళ్లీ మళ్లీ తిరుగుతోందట. నడిపేది మన ఎంబసీ డ్రైవరు, పులివెందుల షోయబ్.

"ఆఫీసు వచ్చింది మేడమ్," అన్నాడు షోయబ్.

"వస్తే రానీ. దాటించి పో. ఇంకో చుట్టు తిప్పు," అని కౌముది గుసగుసగా కసిరింది. "ఆ బ్రేకేంది? మనిషి పండుకోనుండేది కనపడలేదా నీకు?"

"మరి నువ్వు లేవలేదా?" అని అడిగాను.

ఖమ్రున్నీసా నవ్వింది. "లేస్తినంటే ఆయప్పను గట్టిగా తిడతాదని, కండ్లు మూసుకోనే ఉంటినన్నా."